ఆర్ నేర్చుకోవడానికి ఏ పుస్తకం కొనాలి? కొనేముందు ఏం చూసుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. డిగ్రీలో మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ చదివారు. ఇప్పుడు ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ మొదటి ఏడాదిలో ఉన్నారు. ఉపాధి మీద చేసే ప్రాజెక్టుకి ఆర్ కావాలి, అంటే స్టాటిస్టిక్స్ లెక్కలకు వాడే ప్రోగ్రామింగ్ భాష. షాపులో వెయ్యి పేజీల పుస్తకం ఒకటి చూసి కొనాలా వద్దా అని ఆగారు. సీనియర్ పైథాన్ అనే ఇంకో భాష నేర్చుకోమంటున్నాడు. అమీర్‌పేటలో కోచింగ్ తీసుకున్న మీ బంధువు, ఎస్‌ఏఎస్ (డేటా విశ్లేషణకు కంపెనీలు వాడే సాఫ్ట్‌వేర్) నేర్చుకుంటే ఉద్యోగం తొందరగా వస్తుందంటున్నారు. ఈ గందరగోళంలో "ఎప్పటికీ పనికొచ్చే ఒకే ఒక్క రిఫరెన్స్ పుస్తకం చెప్పండి" అన్నారు.

నేను ఆర్, ఎస్‌ఏఎస్ రెండింటితోనూ చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకు నేర్పిస్తున్నాను కూడా. అందుకే కాస్త వివరంగా రాస్తాను.

ఒకే ఒక్క పుస్తకం అనే ఆలోచన ముందు వదిలేయండి. మొదటి పేజీ నుంచి వరసగా చదువుతూ, కంప్యూటర్ పక్కన పెట్టుకుని, ప్రతి లైనూ టైప్ చేస్తూ పోయే పుస్తకం వేరు. పనిలో ఎక్కడో చిక్కుకున్నప్పుడు మధ్యలో తెరిచి, కావలసింది చూసుకుని మూసేసే పుస్తకం వేరు. రిఫరెన్స్ అంటే ఈ రెండోది. నిఘంటువును మొదటి పేజీ నుంచి చదివి ఎవరూ భాష నేర్చుకోరు కదా. వెయ్యి పేజీల పుస్తకం కొని, మూడు అధ్యాయాలు చదివి, "నాకు ప్రోగ్రామింగ్ రాదు" అని తేల్చేసుకున్న పిల్లల్ని చాలామందిని చూశాను. వాళ్ళకు రాక కాదు. ఆ పుస్తకాన్ని అలా చదవడానికి రాయలేదు, అంతే.

మీరు షాపులో చూసింది బహుశా మైకేల్ క్రాలీ రాసిన 'ద ఆర్ బుక్' అయి ఉంటుంది. ఆయన జీవావరణ శాస్త్రవేత్త. పుస్తకంలో రిగ్రెషన్ నుంచి సర్వైవల్ అనాలిసిస్ దాకా అన్నీ ఉన్నాయి. ఏ పద్ధతి ఎక్కడ వాడాలో చక్కగా చెబుతారు. కానీ పాత ముద్రణల్లో ప్రతి ఉదాహరణకీ డేటాను 'అటాచ్' చేసి, అంటే డేటా పేరు చెప్పకుండా కాలమ్ పేరుతోనే పని జరిగేలా చేసి, మొదలుపెట్టడం ఒక అలవాటుగా ఉంటుంది. మొదటిసారి నేర్చుకునేవాళ్ళకు ఇది మంచి అలవాటు కాదు. రెండు డేటాల్లో ఒకే పేరున్న కాలమ్ ఉంటే ఏది వాడుతున్నారో మీకే తెలియకుండా పోతుంది. ఇంట్లో సొంతంగా ఉండాల్సిన పుస్తకం కాదిది, లైబ్రరీలో ఉంటే చాలు.

ఇక పుస్తకాన్ని ఎలా పరీక్షించాలో చెబుతాను. పేర్లకన్నా ఇదే ముఖ్యం, ఎందుకంటే ఇవాళ నేను చెప్పే పేర్లు కొన్నేళ్ళకు పాతబడతాయి. పరీక్షించే పద్ధతి పాతబడదు.

పుస్తకం చేతిలోకి తీసుకోగానే ముందుమాట చదవకండి. వెనక ఇండెక్స్ తెరవండి. వెళ్ళేముందే మనసులో ఒక చిక్కు ప్రశ్న పెట్టుకోండి. నేను ఎప్పుడూ వాడేది ఇది. సర్వే డేటాలో ఒక కాలమ్‌లో 10, 20, 30 అనే విలువలు ఉన్నాయి, కానీ ఆర్ దాన్ని ఫ్యాక్టర్‌గా, అంటే వర్గాలుగా నిల్వ చేసుకుంది. దాన్ని అంకెలుగా మార్చాలని నేరుగా 'యాజ్ డాట్ న్యూమరిక్' వాడితే 10, 20, 30 రావు. 1, 2, 3 వస్తాయి. అవి ఆ వర్గాల లోపలి వరస నంబర్లు. ఎర్రర్ రాదు, వార్నింగ్ కూడా రాదు. దానిమీద సగటు అడిగితే అదీ ఇస్తుంది. ఆ తప్పు సగటు మీ థీసిస్‌లోకి, అక్కడినుంచి వైవాలోకి వెళ్ళిపోతుంది. ముందు ఆ కాలమ్‌ను అక్షరాలుగా మార్చి, ఆ తర్వాత అంకెలుగా మార్చాలి. ఇది ఎంత సాధారణమైన చిక్కంటే, ఆర్‌తో పాటు వచ్చే 'తరచు అడిగే ప్రశ్నలు' పత్రంలో 7.10 నంబరు ప్రశ్న ఇదే.

ఇప్పుడు ఆ పుస్తకం ఇండెక్స్‌లో 'ఫ్యాక్టర్' అనే మాట కింద చూడండి. అంకెలుగా మార్చడం గురించి ఒక పేజీ నంబరు ఉందా? ఆ పేజీలో ఈ ప్రమాదం గురించి హెచ్చరించారా, లేక కమాండ్ ఇచ్చి వదిలేశారా? అలాగే 'మిస్సింగ్ వాల్యూస్', అంటే నమోదు కాని విలువలు, కింద ఎన్ని పేజీలున్నాయో చూడండి. నిజమైన డేటాతో పనిచేసినవాళ్ళు రాసిన పుస్తకంలో ఈ మాట చాలాచోట్ల కనిపిస్తుంది. క్లాస్‌రూమ్ డేటాతోనే రాసిన పుస్తకంలో ఒకటి రెండు చోట్ల కనిపించి మాయమవుతుంది. ఇండెక్సే లేని పుస్తకాన్ని, ముఖచిత్రం మీద 'కంప్లీట్ రిఫరెన్స్' అని ఉన్నా సరే, రిఫరెన్స్‌గా కొనకండి.

రెండో పరీక్ష, ఆ పుస్తకంలోని డేటా మీ దగ్గరికి ఎలా వస్తుందన్నది. మంచి పుస్తకాలకు తోడుగా ఒక ప్యాకేజీ, అంటే ఆర్‌కు అదనంగా చేర్చుకునే ఫంక్షన్ల, డేటాల కట్ట ఉంటుంది. దాన్ని ఇన్‌స్టాల్ చేస్తే ఉదాహరణల డేటా అంతా వచ్చేస్తుంది. డేటా ఎక్కడుందో చెప్పకుండా రచయిత తన కంప్యూటర్‌లోని ఫోల్డర్ పేరు రాసి 'ఇక్కడినుంచి చదవండి' అనే పుస్తకాలు కూడా ఉన్నాయి. వాటితో మొదటి రోజే ఇరుక్కుపోతారు.

మూడోది ముద్రణ సంవత్సరం. దీనిమీద కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే "పాతది పనికిరాదు" అని అందరూ గుడ్డిగా చెప్పేస్తారు.

ఆర్‌ను న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ యూనివర్సిటీలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ 1990ల మొదట్లో తయారుచేశారు. దానికి మూలం 1976లో బెల్ ల్యాబ్స్‌లో జాన్ ఛాంబర్స్ బృందం మొదలుపెట్టిన ఎస్ భాష. ఆర్ 1.0.0 వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న వచ్చింది. అప్పటినుంచి దాని మూల భాష చాలా నెమ్మదిగా మారింది. ఇరవై ఏళ్ళ కిందటి కోడ్ చాలావరకు ఇవాళ కూడా రన్ అవుతుంది. వేగంగా మారేవి దానిమీద వచ్చే ప్యాకేజీలు. కాబట్టి మూల ఆర్‌ను నేర్పే పాత పుస్తకం ఫర్వాలేదు. కొత్త ప్యాకేజీల మీద ఆధారపడిన పుస్తకం పాతదైతే మాత్రం ఇబ్బంది పెడుతుంది.

మూల భాషలో కూడా గుర్తుపెట్టుకోవాల్సిన మార్పులు కొన్ని ఉన్నాయి. 2020 ఏప్రిల్‌లో వచ్చిన 4.0.0 వెర్షన్‌కు ముందు, సీఎస్‌వీ ఫైల్ (కామాలతో విడగొట్టిన డేటా) చదివితే అక్షరాలున్న కాలమ్‌లు వాటంతటవే ఫ్యాక్టర్లుగా మారిపోయేవి. ఇప్పుడు అలా మారవు. పాత పుస్తకంలో "ఈ కాలమ్ ఫ్యాక్టర్ కదా" అనుకుని రాసిన తర్వాతి లైన్లు మీ దగ్గర వేరుగా ప్రవర్తిస్తాయి. 2021 మేలో వచ్చిన 4.1.0తో పైప్ గుర్తు, అంటే ఒక ఫంక్షన్ ఫలితాన్ని తర్వాతి ఫంక్షన్‌కు అందించే గుర్తు, మూల భాషలోకే వచ్చింది. అంతకుముందు దానికోసం ఒక ప్యాకేజీ కావాల్సి వచ్చేది, గుర్తు కూడా వేరు. పుస్తకంలో ఏ పైప్ వాడారో చూస్తే అది ఏ కాలం నాటిదో తెలిసిపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టే మార్పు 2019 ఏప్రిల్‌లో 3.6.0 వెర్షన్‌తో వచ్చింది. ర్యాండమ్ నంబర్లు వాడే ప్రతి పుస్తకంలోనూ 'సెట్ డాట్ సీడ్' అని ఒక సంఖ్య ఇస్తారు, రచయితకు వచ్చిన జవాబే మనకూ రావాలని. పాత పుస్తకంలో సీడ్ 123 ఇచ్చి, 1 నుంచి 10 దాకా అంకెల్ని 'శాంపిల్' చేస్తే 3, 8, 4, 7, 6, 1, 10, 9, 2, 5 అని అచ్చయి ఉంటుంది. మీరు అదే కోడ్ ఇవాళ రన్ చేస్తే 3, 10, 2, 8, 6, 9, 1, 7, 5, 4 వస్తుంది. మీరు ఒక్క అక్షరం కూడా తప్పు రాయలేదు. శాంపిల్ తీసే లోపలి పద్ధతిలో చిన్న పక్షపాతం ఉందని గుర్తించి, ఆర్ బృందం దాన్ని సరిచేసింది. పాత జవాబే కావాలంటే 'ఆర్‌ఎన్‌జీ కైండ్' అనే ఫంక్షన్‌లో శాంపిల్ కైండ్‌ను 'రౌండింగ్' అని మార్చుకోవచ్చు. ఇది తెలియక, పుస్తకంలో ఉన్న జవాబు తమకు రావడం లేదని సాయంత్రమంతా కోడ్ వెతుక్కునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 2019కి ముందు పుస్తకం మీ దగ్గరుంటే ఈ ఒక్క విషయం మొదటి పేజీలో పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి.

ఇప్పుడు పేర్లు. మీ చదువును బట్టి చెబుతున్నాను. వేరేవాళ్ళకైతే వేరేలా చెప్పేవాణ్ణి.

వరసగా చదవడానికి పీటర్ డాల్‌గార్డ్ రాసిన 'ఇంట్రడక్టరీ స్టాటిస్టిక్స్ విత్ ఆర్'. రెండో ముద్రణ 2008లో వచ్చింది. పాతదే, అయినా నా మొదటి ఎంపిక ఇదే. ఆయన ఆర్‌ను నిర్వహించే ఆర్ కోర్ బృందంలో సభ్యుడు. పుస్తకం సన్నగా ఉంటుంది, మూల ఆర్‌నే వాడుతుంది, తోడు ప్యాకేజీ ఉంది. మీకు టీ-టెస్ట్ తెలుసు, ఎనోవా తెలుసు, లీస్ట్ స్క్వేర్స్ తెలుసు. వాటిని ఆర్‌లో ఎలా అడగాలి, వచ్చిన అవుట్‌పుట్‌లో ప్రతి అంకె మీకు తెలిసిన ఏ సూత్రం నుంచి వచ్చింది అన్నదే మీకు కావాలి. సరిగ్గా అదే చెబుతుందిది.

దాంతో పాటు హాడ్లీ విక్కమ్, మినె చెటిన్‌కాయా రండెల్, గ్యారెట్ గ్రోల్‌మండ్ రాసిన 'ఆర్ ఫర్ డేటా సైన్స్', రెండో ముద్రణ, 2023. దీన్ని రచయితలే ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. డేటాను శుభ్రం చేయడం, మలచడం, గ్రాఫులు గీయడం దీనికన్నా బాగా నేర్పే పుస్తకం నేను చూడలేదు. ఒక్క విషయం గమనించండి. మొదటి ముద్రణలో మోడలింగ్ మీద ఒక భాగం ఉండేది, రెండోదాంట్లో తీసేశారు. కాబట్టి దీన్ని స్టాటిస్టిక్స్ పుస్తకంగా చూడకండి. మొదటి ముద్రణ సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికినా తీసుకోకండి. వెడల్పుగా ఉన్న డేటాను పొడవుగా మార్చే ఫంక్షన్ల పేర్లు 2019 తర్వాత మారిపోయాయి. పాత పేర్లు ఇంకా పనిచేస్తాయి గానీ, ఇప్పుడు ఎవరూ కొత్త కోడ్‌లో అవి రాయడం లేదు.

ప్రోగ్రామింగ్ అనే భాగం, అంటే ఫంక్షన్లు రాయడం, లూప్‌లు, లిస్టులు, తప్పులు పట్టుకోవడం, వీటికి నార్మన్ మాట్లాఫ్ రాసిన 'ద ఆర్ట్ ఆఫ్ ఆర్ ప్రోగ్రామింగ్', 2011. ఇందులో స్టాటిస్టిక్స్ నేర్పరు. భాషను భాషగా నేర్పుతారు. మన డిగ్రీ సిలబస్‌లో సి భాష చదివి వచ్చినవాళ్ళు ఆర్‌లో కూడా ప్రతిదానికీ లూప్ రాస్తారు. వెక్టర్ (విలువల వరస) మొత్తం మీద ఒకేసారి పని జరపడం ఎందుకు మంచిదో ఈ పుస్తకం అర్థమయ్యేలా చెబుతుంది. విక్కమ్ రాసిన 'అడ్వాన్స్‌డ్ ఆర్' చాలా మంచి పుస్తకం, అదీ ఉచితమే, కానీ సొంతంగా కొన్ని ఫంక్షన్లు రాసి దెబ్బలు తిన్నాకే తెరవండి. పేరు చూసి మొదటి నెలలోనే మొదలుపెట్టి భయపడినవాళ్ళు ఎక్కువ.

రిఫరెన్స్‌గా పక్కన ఉంచుకోవడానికి, పద్ధతుల వైపు వెనబుల్స్, రిప్లీ రాసిన 'మోడర్న్ అప్లైడ్ స్టాటిస్టిక్స్ విత్ ఎస్', నాలుగో ముద్రణ, 2002. ఆర్‌తో పాటే వచ్చే మాస్ అనే ప్యాకేజీ ఈ పుస్తకానికి తోడుగా రాసిందే. చాలా కుదించి రాశారు. ఒక పేరాలో ఒక అధ్యాయం విషయం ఉంటుంది. మామూలు పాఠకులకు దీన్ని నేను చెప్పను. మీకు మాత్రం లీనియర్ మోడల్స్ థియరీ వచ్చు కాబట్టి చెబుతున్నాను. ఇది సొంతంగా కొనక్కర్లేదు, యూనివర్సిటీ లైబ్రరీల్లో దొరికే అవకాశం ఎక్కువ.

ఇంకొకటి తప్పకుండా డౌన్‌లోడ్ చేసుకోండి. ప్యాట్రిక్ బర్న్స్ రాసిన 'ది ఆర్ ఇన్‌ఫెర్నో', ఉచిత పీడీఎఫ్. ఆర్‌లో మనల్ని మోసం చేసే చోట్లన్నీ అందులో ఒక్కొక్కటిగా ఉంటాయి. 0.1కి 0.2 కలిపితే 0.3కి సమానమా అని ఆర్‌ను అడిగితే 'కాదు' అంటుంది. ఎందుకో మొదటి అధ్యాయంలోనే ఉంది. నా దృష్టిలో దీని విషయసూచిక ఒక్కటే సగం రిఫరెన్స్ పుస్తకంతో సమానం.

పుస్తకాలకన్నా ముందు మీ కంప్యూటర్‌లోనే ఉన్న రిఫరెన్స్ గురించి కూడా చెప్పాలి. ఆర్‌లో ఏ ఫంక్షన్ పేరుకైనా ముందు ప్రశ్నార్థకం పెట్టి ఎంటర్ కొడితే దాని సహాయ పేజీ వస్తుంది. మొదట్లో అది ఎవరికీ అర్థం కాదు. అందుకని జనం గూగుల్‌కి పారిపోతారు. కిటుకు ఏమిటంటే, దాన్ని కింది నుంచి పైకి చదవాలి. అట్టడుగున ఉదాహరణలు ఉంటాయి, ముందు అవి రన్ చెయ్యండి. తర్వాత 'వాల్యూ' అనే భాగం చూడండి, ఫంక్షన్ ఏం తిరిగి ఇస్తుందో తెలుస్తుంది. ఆ తర్వాతే ఆర్గ్యుమెంట్లు. 'క్వాంటైల్' సహాయ పేజీ ఒకసారి ఇలా చదవండి. క్వార్టైల్ లెక్కకట్టడానికి 9 పద్ధతులున్నాయని, ఆర్ మామూలుగా ఏడోది వాడుతుందని అందులో ఉంటుంది. 1 నుంచి 10 దాకా అంకెలకు మొదటి క్వార్టైల్ ఆర్ 3.25 అంటుంది, ఎస్‌ఏఎస్ 3 అంటుంది. రెండూ ఒప్పే, పద్ధతులు వేరు. ఉద్యోగంలో చేరాక ఒకరు ఆర్‌లో, ఒకరు ఎస్‌ఏఎస్‌లో చేసి లెక్కలు సరిచూసుకునే చోట ఇలాంటి తేడాలు రోజూ వస్తాయి. వాటికి జవాబు ఉన్న చోటే మీ అసలైన రిఫరెన్స్.

మీ దగ్గర ఇప్పటికే ఉన్న పుస్తకాన్ని కూడా వాడుకోండి. బీఎస్సీ స్టాటిస్టిక్స్ చదివిన మనందరి దగ్గరా గుప్తా, కపూర్‌ల 'ఫండమెంటల్స్ ఆఫ్ మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్' ఉంటుంది. దాంట్లో పరీక్ష కోసం ప్రూఫులుగా నేర్చుకున్న సిద్ధాంతాలన్నీ ఆర్‌లో అభ్యాసాలుగా మార్చుకోవచ్చు. ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన సి.ఆర్. రావు గారు 1945లో ప్రచురించిన వ్యాసం నుంచి వచ్చిన క్రామెర్–రావు అసమానతను తీసుకోండి. నార్మల్ పంపిణీలో సగటును అంచనా వేయడానికి శాంపిల్ మీన్ కన్నా తక్కువ వేరియన్స్ ఉన్న నిష్పాక్షిక అంచనా లేదని అది చెబుతుంది. బోర్డు మీద రాసుకున్నాం, మార్కులు తెచ్చుకున్నాం. ఇప్పుడు ఆర్‌లో స్టాండర్డ్ నార్మల్ నుంచి 100 విలువలు తీసి, వాటి మీన్, మీడియన్ రెండూ లెక్కకట్టండి. ఇదే పనిని 10,000 సార్లు చేయించండి. 'రెప్లికేట్' అనే ఫంక్షన్‌తో ఒక్క లైన్ చాలు. మీన్‌ల వేరియన్స్ 0.01 దగ్గర, మీడియన్‌ల వేరియన్స్ 0.0157కి దగ్గర్లో వస్తాయి. ఆ నిష్పత్తి π/2కి (దాదాపు 1.57) చేరువలో ఉంటుంది. తర్వాత నార్మల్ బదులు టీ పంపిణీ, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 3 పెట్టి చూడండి. ఈసారి మీడియనే గెలుస్తుంది. ఎందుకు గెలిచిందో మీరే రాసుకోగలిగితే, ప్రోగ్రామింగ్, స్టాటిస్టిక్స్ రెండూ కలిసి నేర్చుకున్నట్టే. ఏ పుస్తకం కొన్నా అందులోని అభ్యాసాలు అయ్యాక ఇలాంటివి సొంతంగా తయారుచేసుకోండి.

డేటా విషయంలో ఒక మాట. పుస్తకాలన్నిటిలోనూ అవే డేటాలు తిరుగుతుంటాయి. ఫిషర్ 1936లో వాడిన 150 ఐరిస్ పూలు, 1974 నాటి అమెరికన్ పత్రికలోని 32 కార్లు. నేర్చుకోవడానికి మంచివే. కానీ అవి అప్పటికే శుభ్రం చేసి పెట్టిన డేటాలు. మీ ప్రాజెక్టు కేంద్ర ప్రభుత్వం ఇంటింటికీ వెళ్ళి చేసే నేషనల్ శాంపిల్ సర్వే డేటా మీద అయితే (మీరు ఉపాధి గురించి అన్నారు కాబట్టి అదే అయి ఉండొచ్చు) పరిస్థితి పూర్తిగా వేరు. ఎన్నో రౌండ్ల యూనిట్ స్థాయి డేటా కామాలు లేని టెక్స్ట్ ఫైళ్ళలో ఉంటుంది. ఒక లైన్ తెరిస్తే అంకెలన్నీ అతుక్కుని కనిపిస్తాయి. ఎన్నో స్థానం నుంచి ఎన్నో స్థానం దాకా జిల్లా కోడ్, ఎక్కడ వయసు, ఎక్కడ ఆదాయం అన్నది విడిగా ఇచ్చిన లేఅవుట్ ఫైల్ చూసి మనమే విడగొట్టుకోవాలి. ఒక్క స్థానం పక్కకు జరిగినా 34 ఏళ్ళ మనిషి 4 ఏళ్ళ పిల్లాడవుతాడు. అందుకని పుస్తకం ఇండెక్స్‌లో 'ఫిక్స్‌డ్ విడ్త్' అనే మాట ఉందో లేదో కూడా చూడండి.

అది చదవడం అయ్యాక ఇంకో చిక్కు ఉంది. ప్రతి ఇంటికీ ఒక మల్టిప్లయర్ ఉంటుంది. ఆ ఇల్లు జనాభాలో ఎన్ని ఇళ్ళకు ప్రాతినిధ్యం వహిస్తుందో అది చెబుతుంది. దాన్ని వదిలేసి మామూలు సగటు తీస్తే వచ్చేది శాంపిల్ సగటే గానీ తెలంగాణదో ఆంధ్రప్రదేశ్‌దో కాదు. మల్టిప్లయర్ వాడి సగటు సరిచేసినా, స్ట్రాటిఫికేషన్‌ను (జనాభాను ముందే వర్గాలుగా విడగొట్టడం), క్లస్టర్లను (ఇళ్ళను గుంపులుగా ఎంచుకోవడం) లెక్కలోకి తీసుకోకపోతే స్టాండర్డ్ ఎర్రర్ తప్పుతుంది. మామూలు ఆర్ పుస్తకాలు దీన్ని దాదాపుగా ముట్టుకోవు. దీనికి థామస్ లమ్లీ రాసిన 'కాంప్లెక్స్ సర్వేస్', 2010. సర్వే అనే ప్యాకేజీ రాసింది కూడా ఆయనే. మీకు శాంప్లింగ్ థియరీ పేపర్ ఉంటుంది కాబట్టి దీన్ని అందుకోగలరు. నన్నడిగితే మీరు డబ్బు పెట్టి కొనాల్సిన పుస్తకం ఆ వెయ్యి పేజీలది కాదు, ఇదీ డాల్‌గార్డ్‌దీ.

కొనడం గురించి. హైదరాబాద్‌లో ఉంటే ఆదివారం అబిడ్స్ పేవ్‌మెంట్ మీద, కోఠిలో చూడొచ్చు. విజయవాడ అయితే లెనిన్ సెంటర్. అక్కడ ధర అడిగేముందు ముద్రణ సంవత్సరం చూడండి, పైన చెప్పిన లెక్కతో సరిపోల్చుకోండి. మూల ఆర్ పుస్తకమైతే పదిహేనేళ్ళ పాతదైనా తీసుకోవచ్చు. కొత్తవి కొనేటప్పుడు ఇండియన్ ఎడిషన్లు చాలా చవగ్గా వస్తాయి, మంచిదే. కానీ కొన్నిటి అట్ట మీద 'గ్రేస్కేల్' అని ఉంటుంది, అంటే లోపల రంగులుండవు. వెతుక్కునే పుస్తకానికి ఇది సమస్య కాదు. గ్రాఫుల పుస్తకానికి మాత్రం పెద్ద సమస్య. "ఎర్ర చుక్కలు చూడండి, నీలం గీత చూడండి" అని రాసుంటుంది, పేజీలో అన్నీ బూడిద రంగులోనే ఉంటాయి. అలాంటివి ఆన్‌లైన్‌లోనే చదువుకోండి.

పైథాన్ సంగతి. మీ సీనియర్ చెప్పింది తప్పు కాదు. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో డేటా ఉద్యోగాలకు పైథాన్ ఎక్కువ అడుగుతారు. కానీ మీ డిపార్ట్‌మెంట్‌లో ప్రాజెక్టు ఆర్‌లో అడిగారు, సర్వే డేటాకు కావలసిన పనిముట్లు ఆర్‌లోనే బాగా ఉన్నాయి. ముందు అది పూర్తి చెయ్యండి. పైథాన్ మొదలుపెట్టినప్పుడు వెస్ మెకిన్నీ రాసిన 'పైథాన్ ఫర్ డేటా అనాలిసిస్', మూడో ముద్రణ, 2022. పైథాన్‌లో డేటా పట్టికలతో పనిచేసే పాండాస్ ప్యాకేజీని మొదలుపెట్టింది ఆయనే, పుస్తకం ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది. ఇక్కడ మాత్రం పాత ముద్రణ అస్సలు వద్దు. పాండాస్ ఆర్ లాగా నెమ్మదిగా మారలేదు. ఐఎక్స్ అనే ఇండెక్సింగ్ పద్ధతిని 2020లో వచ్చిన 1.0లో తీసేశారు. డేటా ఫ్రేమ్‌లకు వరసలు చేర్చే 'అపెండ్'ను 2023లో వచ్చిన 2.0లో తీసేశారు. ఎన్నో మెషిన్ లెర్నింగ్ పుస్తకాలు వాడుకున్న బోస్టన్ ఇళ్ళ డేటాను సైకిట్ లెర్న్ అనే పైథాన్ ప్యాకేజీ 1.2 వెర్షన్‌లో తొలగించారు. పాత పుస్తకంతో కూర్చుంటే మూడో పేజీకే ఎర్రర్ వస్తుంది.

స్టాటిస్టిక్స్ చదివినవాళ్ళు పైథాన్‌లో తప్పక తెలుసుకోవాల్సింది ఒకటుంది. 2, 4, 4, 4, 5, 5, 7, 9 అనే ఎనిమిది విలువలకు నంపైలో (పైథాన్‌లో అంకెల లెక్కలకు వాడే ప్యాకేజీ) స్టాండర్డ్ డీవియేషన్ అడిగితే 2 వస్తుంది. పాండాస్‌లో అడిగితే 2.138 వస్తుంది. మొదటిది ఎన్‌తో భాగిస్తుంది, రెండోది ఎన్ మైనస్ 1తో. ఆర్ కూడా ఎన్ మైనస్ 1తోనే. పైథాన్ పుస్తకం కొనేముందు ఈ తేడా గురించి ఎక్కడైనా రాశారేమో చూడండి. రాయకపోతే అది ప్రోగ్రామర్ల కోసం రాసిన పుస్తకం, మీలాంటి వాళ్ళ కోసం కాదు.

ఎస్‌ఏఎస్ గురించి మీ బంధువు చెప్పిందాంట్లో నిజం ఉంది. మందుల పరిశోధన డేటా మీద పనిచేసే కంపెనీల్లో ఇప్పటికీ ఎస్‌ఏఎస్ గట్టిగా ఉంది, హైదరాబాద్‌లో, బెంగళూరులో ఆ ఉద్యోగాలున్నాయి. ఎంఫార్మసీ పిల్లలు, స్టాటిస్టిక్స్ పిల్లలు ఇద్దరూ వాటికి వెళతారు. కానీ కోచింగ్‌లో ఇచ్చే జిరాక్స్ మెటీరియల్‌ను రిఫరెన్స్ అనుకోవద్దు. అది ఇంటర్వ్యూ ప్రశ్నలకు పనికొస్తుంది, ఉద్యోగంలో మొదటి వారానికి చాలదు. లోరా డెల్విచ్, సూసన్ స్లాటర్ రాసిన 'ద లిటిల్ ఎస్‌ఏఎస్ బుక్' 1995 నుంచి వస్తోంది, ఆరో ముద్రణ 2019. ఒక్కో విషయం రెండేసి పేజీల్లో ముగుస్తుంది కాబట్టి చదవడానికీ వెతుక్కోవడానికీ రెండిటికీ సరిపోయే అరుదైన పుస్తకం. నేర్చుకోవడానికి సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. విద్యార్థులకు ఎస్‌ఏఎస్ ఆన్‌డిమాండ్ అని బ్రౌజర్‌లోనే ఉచితంగా ఇస్తున్నారు. పుస్తకం ఏదైనా ఇండెక్స్‌లో చూడాల్సిన చిక్కు ఇది. నమోదు కాని విలువను ఎస్‌ఏఎస్ ఏ అంకెకన్నా చిన్నదిగా లెక్కిస్తుంది. 'వయసు 18 కన్నా తక్కువైతే మైనర్' అని రాస్తే, వయసు నమోదు కాని పేషెంట్లందరూ మైనర్ల కిందికి వచ్చేస్తారు. ఆర్ అయితే అక్కడ జవాబుగా ఎన్‌ఏ, అంటే 'విలువ లేదు' అని ఇస్తుంది. ఒక భాష నుంచి ఇంకో భాషకు మారేవాళ్ళు ఎక్కువ దెబ్బ తినేది ఇలాంటి చోట్లే.

ఏఐ చాట్‌బాట్ ఉండగా పుస్తకాలెందుకని మీరు అడగలేదు గానీ, అందరూ అడుగుతున్నారు. కోడ్ రాయించుకోవడానికి దాన్ని నేనూ వాడతాను. కానీ పైన చెప్పిన ఫ్యాక్టర్, మల్టిప్లయర్, లేని విలువలు, వీటిలో ఏ ఒక్కటి తప్పినా కోడ్ రన్ అవుతుంది, అంకె వస్తుంది. ఆ అంకె తప్పని అనుమానం రావాలంటే విషయం మన బుర్రలో ఉండాలి. అది వరసగా చదివినప్పుడే వస్తుంది.

కాబట్టి ఈ సెమిస్టర్‌కి మీరు చేయాల్సింది ఇంతే. డాల్‌గార్డ్ పుస్తకం తెచ్చుకుని, ఉదాహరణలన్నీ టైప్ చేస్తూ చదవండి. డేటా శుభ్రం చేసే పని వచ్చినప్పుడల్లా 'ఆర్ ఫర్ డేటా సైన్స్'లో ఆ అధ్యాయం ఒక్కటే చదవండి. ప్రాజెక్టు డేటా చేతికి రాగానే లమ్లీ పుస్తకం మొదలుపెట్టండి. ఆ వెయ్యి పేజీల పుస్తకం డబ్బు ప్రస్తుతానికి దాచుకోండి. మీ డేటా ఏ రౌండ్‌దో, లేఅవుట్ ఫైల్ దొరికిందో లేదో రాస్తే, చదివే పద్ధతి ఇంకాస్త వివరంగా చెబుతాను.